పానీయాలు, ఇంటి సరుకుల ప్యాకింగ్ డిజైన్: మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ గవర్నర్‌పేటలో మాదొక చిన్న డిజైన్ ఆఫీసు. సోడా, షర్బత్, బాదం పాలు, ఫినాయిల్, గిన్నెల సబ్బు, కుంకుడు పొడి, అగరబత్తి లాంటి సరుకులు తయారుచేసేవాళ్లే ఎక్కువగా మా దగ్గరికి వస్తుంటారు. కొందరు గుంటూరు, తెనాలి, మంగళగిరి నుంచి కూడా వస్తారు. ఫోన్లో రోజూ వినే ప్రశ్నలకు జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాం. మీరు మా చేతే చేయించుకోవాలని లేదు. ఎవరి చేత చేయించుకున్నా ఈ సంగతులు ముందే తెలిస్తే మీ డబ్బు మిగులుతుంది.

ప్యాకింగ్ డిజైన్ అంటే లేబుల్ మీద బొమ్మ వేయడమేనా?

కాదండీ, బొమ్మ ఆఖర్న వస్తుంది. సరుకు ద్రవమా, పొడా? ఎన్ని నెలలు నిలవుండాలి? ఎండకు తట్టుకుంటుందా? కొనేది ఎవరు, వాడేది ఎవరు? ఏ చేత్తో మూత తీస్తారు? ముందు ఇవి తేలాలి. వీటిని బట్టి సీసానా, పౌచ్‌నా (మెత్తటి కవరు సంచి), డబ్బానా అన్నది నిర్ణయమవుతుంది. లేబుల్ ఎంత పెద్దదో, ఏ పదార్థం మీద అచ్చు వేయాలో ఆ తర్వాత తెలుస్తుంది. రంగులు, అక్షరాలు, బొమ్మలు ఆ హద్దుల్లో ఇమడాలి. చాలామంది సీసాలు కొనేసి, నింపేసి, రేపు మార్కెట్లోకి వెళ్లాలనగా లేబుల్ కోసం వస్తారు. అప్పటికి మేం చేయగలిగేది చాలా తక్కువ.

మా సరుకు బాగుంటుంది. ఒకసారి వాడినవాళ్లు మళ్లీ వస్తారు. ప్యాకెట్‌కి అంత ఖర్చు అవసరమా?

ఆ ఒక్కసారి కొనేలా చేసేది ప్యాకెట్టే. రెండోసారి కొనేలా చేసేది సరుకు. మొదటిది జరగకుండా రెండోది జరగదు కదా.

డిజైన్ ఎక్కడ మొదలుపెడతారు?

కొట్లో. వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల ఏదైనా కిరాణా కొట్టు ముందు పది నిమిషాలు నిలబడి చూడండి. కొట్టాయన కౌంటర్ లోపల ఉంటాడు. సరుకులు ఆయన వెనక అరల్లో ఉంటాయి. కొనడానికి వచ్చినవాళ్లు నాలుగైదు అడుగుల దూరం నుంచి చూస్తారు. ప్రతి అర అంచున ఒక చెక్కో రేకో ఉంటుంది కాబట్టి ప్యాకెట్ కింది భాగం దాని వెనక్కి పోతుంది. సీసాల ముందు షాంపూ ప్యాకెట్ల దండలు వేలాడుతుంటాయి. అంటే మీ లేబుల్లో కనిపించేది పై సగం, అదీ ట్యూబ్‌లైట్ వెలుతురులో, వంకరగా. అలాంటి చోట పేరు లేబుల్ అడుగున పెడితే ఎవరూ చదవలేరు.

ఇంకో విషయం గమనించండి. చాలామంది పేరు పెట్టి అడగరు. ‘ఆ పచ్చ ప్యాకెట్ ఇవ్వండి’, ‘నీలం మూతది’ అంటారు. కాబట్టి రంగు, ఆకారం కూడా మీ సరుకుకు పేరే. గుంటూరు పట్నంబజారు హోల్‌సేల్ కొట్లలోనూ, మన గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్స్‌లోనూ పరిస్థితి వేరు. అక్కడ కనిపించేది ప్యాకెట్ కాదు, అట్టపెట్టె. ఆటో అతను, కూలీ, గుమాస్తా పెట్టె పక్క చూసే సరుకు గుర్తుపట్టాలి. అందుకే పెట్టెకు నాలుగు పక్కలా పేరు, సైజు పెద్దగా అచ్చు వేయమని గట్టిగా చెబుతాం. చిన్న కంపెనీలు ఎక్కువగా మరిచిపోయేది ఈ పెట్టెనే.

మేం నమూనా లేబుల్ ప్రింట్ తీసి, సీసాకు అంటించి, తెలిసిన కొట్టులో అరలో పెట్టి ఫోన్‌తో ఫోటో తీస్తాం. కంప్యూటర్ తెర మీద అందంగా ఉన్నవి అక్కడ ఎలా వెలవెలబోతాయో, సాదాగా అనిపించినవి ఎలా నిలబడతాయో ఆ ఫోటో చూస్తే తెలిసిపోతుంది.

ఫలానా పెద్ద కంపెనీ ప్యాకెట్ లాగే చేసి పెట్టగలరా? రెండక్షరాలు మారిస్తే చాలు.

చేయం. ఈ ప్రశ్న చాలామంది మొహమాటం లేకుండా అడుగుతారు కాబట్టి మేమూ మొహమాటం లేకుండానే చెబుతున్నాం. చదువు రాని ముసలావిడ రంగు చూసి కొని, ఇంటికెళ్లాక తను అడిగింది ఇది కాదని తెలుసుకుంటే, ఆ మోసంలో డిజైన్ చేసినవాళ్లకూ వాటా ఉంటుంది. చట్టం సంగతి సరేసరి. పేరు ఒక్కటే కాదు, ప్యాకెట్ మొత్తం రూపం కొనేవాళ్లను పొరపాటు పడేలా ఉన్నా కోర్టుకు లాగవచ్చు. సరుకంతా వెనక్కి తెప్పించి, అచ్చేసిన కవర్లు పారేయాల్సి వస్తే చిన్న కంపెనీ తట్టుకోలేదు.

దానికి బదులు మీ పేరునే రిజిస్టర్ చేయించుకోండి. ట్రేడ్‌మార్క్‌లో సరుకులను తరగతులుగా విడదీశారు. కూల్‌డ్రింకులు, జ్యూసులు, మంచినీళ్లు 32వ తరగతి. సబ్బులు, బట్టల పౌడర్లు, శుభ్రం చేసే ద్రవాలు 3వ తరగతి. క్రిమిసంహారకాలు, దోమల మందులు 5వ తరగతి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి ఫీజు 4,500 రూపాయలు. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు ఉంటుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. రిజిస్ట్రేషన్ చేతికి రాకముందే పేరు పక్కన గుండ్రని గీతలో ఆర్ అక్షరం వేయకండి, అది నేరం. మీ సీసా ఆకారం నిజంగా కొత్తదైతే దాన్ని డిజైన్ల చట్టం కింద విడిగా నమోదు చేసుకోవచ్చు. మొదట 10 ఏళ్లు, ఆ తర్వాత మరో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది.

పేరు తెలుగులో పెట్టాలా, ఇంగ్లీషులోనా?

చట్టం ప్రకారం తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి. తెలుగు అదనంగా పెట్టుకోవచ్చు. తెలుగు ఒక్కటే వేస్తే కుదరదు. మా సలహా మాత్రం ఒకటే: మీ సరుకు కృష్ణా, గుంటూరు జిల్లాల కిరాణా కొట్లలో అమ్ముడుపోవాలంటే ముందు పక్క తెలుగు పేరు ఇంగ్లీషు పేరుకు సమానంగానైనా ఉండాలి. వాడే పద్ధతి, జాగ్రత్తలు తెలుగులో తప్పకుండా ఉండాలి.

తెలుగు అక్షరాలతో పనిచేయడం ఇంగ్లీషంత తేలిక కాదు. ఇంగ్లీషు అక్షరాలు ఒక గీత మీద కూర్చుంటాయి. మనకు పైన గుడులు, కింద వత్తులు. పై వరుసలో ‘స్వచ్ఛ’, కింది వరుసలో ‘గిన్నెల సబ్బు’ అని రాశారనుకోండి. ఛ వత్తు కిందికి దిగి, కింది వరుసలోని గుడికి తగులుతుంది. డిజైనర్ వరుసల మధ్య జాగా ఇవ్వకుండా అక్షరాలను నొక్కేస్తే చదవడానికి ఏమీ మిగలదు. అదే పేరు 10 గ్రాముల ప్యాకెట్ మీదికి వచ్చేసరికి తలకట్టు సందులోకి, వత్తు మెలికలోకి ఇంకు పాకి పూడుకుపోతుంది. అందుకే చిన్న ప్యాకెట్లకు సన్నటి అలంకారపు ఫాంట్లు వాడం. సందులు విశాలంగా, గీతలు ఒకే మందంలో ఉండే ఫాంట్లు తీసుకుంటాం. రామభద్ర, మండలి, సురన్న, ఎన్టీఆర్, ధూర్జటి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికి వాడుకోవచ్చు. వీలైతే పేరును చేత్తో రాయించండి. మన ఊళ్లలో గోడల మీద, బోర్డుల మీద రాసే ఆర్టిస్టుల చేతిలో ఉన్న సొగసు ఏ ఫాంట్‌లోనూ లేదు.

ప్రెస్‌కు ఫైలు పంపేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. మన దగ్గర పాత డీటీపీ పద్ధతి అను ఫాంట్లు, ఇప్పటి ఫోన్లలో, కంప్యూటర్లలో వాడే యూనికోడ్ ఫాంట్లు రెండూ నడుస్తున్నాయి. ఫాంట్ లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే వత్తులు విడిపోయి పక్కకు వచ్చేస్తాయి. చాలామంది అచ్చు వేయించే తమిళనాడు ఊరు శివకాశిలో మెషీన్ దగ్గర ఉన్నతనికి తెలుగు రాకపోతే ఆ తప్పు అతనికి తెలియదు. ఫాంట్ అవసరం లేకుండా అక్షరాలన్నీ గీతలుగా (అవుట్‌లైన్లుగా) మార్చిన పీడీఎఫ్ మాత్రమే పంపండి. ప్రూఫ్ వచ్చాక తెలుగు బాగా చదివే ఇంకొకరి చేత కూడా చూపించండి.

ఏ రంగులు వాడితే అమ్ముడుపోతుంది?

ఇదే రంగు అని చెప్పలేం. అరలో పక్కన ఉన్నవన్నీ పచ్చగా ఉంటే నిమ్మ సోడా అయినా సరే ఇంకో పచ్చ సీసా కనిపించదు. పూజ సామాన్లకు పసుపు, ఎరుపు బాగా నప్పుతాయి. పూర్తి నలుపు ప్యాకెట్‌లో అగరబత్తి ఇస్తే పెద్దవాళ్లు శుభకార్యానికి తీసుకోవడానికి వెనకాడతారు. ఒక సంగతి మాత్రం ఖాయం, మన ఎండ. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు వచ్చే ఊరు ఇది. కొట్టు బయట ఎండలో వేలాడే ప్యాకెట్లలో ఎరుపు, పసుపు ముందు వెలిసిపోతాయి, నీలం, నలుపు మిగులుతాయి. ఎండకు ఆగే ఇంకు కావాలని ప్రెస్‌లో ముందే అడగండి.

మెరిసే కవరు మీద గానీ, గాజులా కనిపించే లేబుల్ మీద గానీ రంగులు వేసేటప్పుడు కింద తెలుపు పొర వేయమనండి. అది లేకపోతే మామిడి పసుపు కాస్తా మట్టి రంగులా కనిపిస్తుంది. కావాలని కొన్ని చోట్ల తెలుపు వదిలేస్తే ఆ భాగం లోహంలా మెరుస్తుంది. మంచి డిజైనర్లు ఆ తేడాను భలే వాడుకుంటారు.

మా ఫినాయిల్, ఫ్లోర్ క్లీనర్ సీసా కూల్‌డ్రింక్ సీసాలా ముచ్చటగా ఉండాలి. చేస్తారా?

ఈ ఒక్క విషయంలో మేం రాజీ పడం. తెల్ల ఫినాయిల్ చూడటానికి పాలలా, మజ్జిగలా ఉంటుంది. నిమ్మ వాసన ఫ్లోర్ క్లీనర్ షర్బత్‌లా ఉంటుంది. వీధిలో సైకిల్ మీద, బండి మీద యాసిడ్, ఫినాయిల్ పాత మంచినీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి అమ్మడం మనందరం చూసిందే. అలాంటి సీసా ఇంట్లో పంపు కిందో బాత్రూమ్ మూలో ఉంటుంది. దాహం వేసిన పిల్లవాడికి, రాత్రిపూట చీకట్లో లేచిన పెద్దాయనకి తేడా ఎలా తెలుస్తుంది? సీసా ఆకారమే ‘ఇది తాగేది’ అని చెబుతుంటే, లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఏం రాసినా ఉపయోగం లేదు.

కాబట్టి ఇంటి రసాయనాలకు మేం పెట్టుకున్న పద్ధతులు ఇవి. సీసా లోపలిది కనిపించకూడదు, ముదురు రంగు ప్లాస్టిక్ ఉండాలి. ఆకారం, మూత పానీయాల సీసాలను పోలకూడదు. బాత్రూమ్ క్లీనర్లకు మెడ పక్కకు వంగి ఉండటం చూసే ఉంటారు. దానివల్ల కమోడ్ అంచు కిందికి ద్రవం చేరుతుంది. పైగా నోటికి పెట్టుకోవాలనే ఆలోచనే రాదు. నొక్కి తిప్పితే గాని రాని మూత పెట్టండి. దాని ఖర్చు కొంచెం ఎక్కువే, అయినా పెట్టండి. పండు బొమ్మ వేయాలనుకుంటే పక్కన గిన్నో, నేలో, స్క్రబ్బరో ఉండాలి. గ్లాసు, ఐసు ముక్కలు, స్ట్రా ఎప్పుడూ వేయకండి. ‘తాగకూడదు, పిల్లలకు అందకుండా ఉంచండి’ అని తెలుగులో ముందు పక్కే రాయండి. ‘పొరపాటున మింగితే వాంతి చేయించకండి, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి’ అని వెనక రాయండి. యాసిడ్, ఫినాయిల్ లాంటివి మింగినప్పుడు వాంతి చేయిస్తే గొంతు, ఊపిరితిత్తులు ఇంకా దెబ్బతింటాయి.

దోమల మందు, బొద్దింకల మందు అయితే 1968 నాటి పురుగుమందుల చట్టం కింద ముందు రిజిస్ట్రేషన్ కావాలి. లేబుల్ మీద విషం తీవ్రతను చెప్పే రంగు గుర్తు ఉండాలి. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. డిజైన్‌కు అడ్డమని ఆ గుర్తును చిన్నది చేయమని అడగవద్దు.

మా పానీయానికి ఏ సీసా మంచిది?

లోపల ఏముంది, ఎలా నింపుతారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. గోలీ సోడా సంగతే చూడండి. 1872లో ఇంగ్లండ్‌లో హిరమ్ కాడ్ పేటెంట్ తీసుకున్న సీసా అది. నింపాక లోపలి గ్యాసే గోలీని పైకి తోసి మెడలోని రబ్బరు రింగుకు అదిమి పెడుతుంది. గోలీని లోపలికి నొక్కితే ‘కీచ్’ మంటూ తెరుచుకుంటుంది. వంచి పోసేటప్పుడు గోలీ అడ్డుపడకుండా మెడలో రెండు నొక్కులు ఉంటాయి, గోలీ అక్కడ ఆగుతుంది. మూత, సీలు, చప్పుడు, ఆకర్షణ అన్నీ ఒకే ఆకారంలో ఉన్నాయి. ప్యాకింగ్ డిజైన్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మేం ఆ సీసానే చూపిస్తాం.

గ్యాస్ ఉన్న డ్రింకులకు పెట్ సీసా (మంచినీళ్ల సీసాల్లాంటి ప్లాస్టిక్‌ది) తీసుకుంటే అడుగు చూడండి, ఐదు కాళ్లు ఉంటాయి. సమతలంగా ఉంటే గ్యాస్ ఒత్తిడికి అడుగు ఉబ్బి సీసా నిలబడదు. మన ఎండలో లారీలో వెళ్లేటప్పుడు ఒత్తిడి ఇంకా పెరుగుతుంది కాబట్టి ఇక్కడ కక్కుర్తి పడి పల్చటి సీసా తీసుకోకండి. వేడిగా నింపే పండ్ల రసాలది మరో కథ. 85–90 డిగ్రీల వేడిలో నింపితే మామూలు పెట్ సీసా మెత్తబడి వంగిపోతుంది, దానికి వేడికి ఆగే సీసాలు వేరే ఉన్నాయి. చల్లారాక లోపల గాలి కుంచించుకుని గోడల్ని లోపలికి లాగుతుంది. జ్యూసు సీసాల పక్కల్లో కనిపించే పలకలు ఆ లాగుడును సర్దుకోవడానికి ఉన్నవే, అందం కోసం కాదు. లేబుల్ ఆ పలకల మీదికి వస్తే ముడతలు పడుతుంది. ఇది తెలియకపోతే డిజైన్ ఎంత బాగున్నా పాడవుతుంది.

టెట్రా ప్యాక్‌లో పేపరు, ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు ఉంటాయి. ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిలవ ఉంచడం దాని బలం. 1985లో ఫ్రూటీ దాన్ని మన దేశంలో ప్రతి పిల్లవాడికీ పరిచయం చేసింది. కానీ దానికి ప్రత్యేకమైన నింపే యంత్రాలు కావాలి. చిన్నవాళ్లు సొంతంగా పెట్టుకోలేరు, ఆ యంత్రాలున్న వేరే ఫ్యాక్టరీలో నింపించుకోవాలి. నిలబడే పౌచ్‌ను 1960ల మొదట్లో ఫ్రాన్స్‌లో లూయీ దోయాన్ తయారుచేశాడు. 2013లో పేపర్ బోట్ అనే పానీయాల బ్రాండ్ వాళ్లు ఆమ్ పన్నా, జల్‌జీరా లాంటి ఇంటి పానీయాలను ఆ పౌచ్‌లో పెట్టారు. మెరుపుల్లేని రంగులు, చేతికి మెత్తగా తగిలే ఉపరితలం, సాదా బొమ్మలతో అరలో మిగతా వాటి నుంచి విడిగా నిలిచారు. మన సుగంధి షర్బత్‌కి, రాగి జావకి, మజ్జిగకి కూడా అలాంటి రూపం రావాలి. ఆ పని మన ఊరివాళ్లు చేస్తే చూడాలని మాకెంతో ఆశ.

లేబుల్ ఊడిపోతోంది. ఏం చేయాలి?

కూల్‌డ్రింక్ అమ్మే కొట్టులో ఐసు పెట్టె చూడండి. మధ్యాహ్నానికి ఐసు కరిగి సీసాలు నీళ్లలో తేలుతుంటాయి. పేపర్ లేబుల్ బంక ఊరి, జారి, పెట్టె అడుగున ముద్దగా పడి ఉంటుంది. కొనేవాడి చేతికి పేరు లేని సీసా వస్తుంది. పానీయాలకు బీఓపీపీ అనే ప్లాస్టిక్ లేబుల్, తడికి ఆగే గమ్‌తో తీసుకోండి. లేదంటే సీసా చుట్టూ వేడికి బిగుసుకునే స్లీవ్ వేయించండి. స్లీవ్ బిగుసుకునేటప్పుడు మెడ దగ్గర బొమ్మ సన్నబడుతుంది కాబట్టి అక్కడ ముఖాలు, అక్షరాలు పెట్టకూడదు. తేదీ, బ్యాచ్ నంబరు అచ్చువేసే చోట వార్నిష్ లేకుండా ఖాళీ వదలండి. నున్నటి చోట ఆ ఇంకు వేలితో రుద్దితే పోతుంది.

లేబుల్ మీద చట్టప్రకారం ఏమేం ఉండాలి?

ప్యాక్ చేసి అమ్మే ఏ సరుకైనా: సరుకు సాధారణ పేరు, తయారీదారు లేదా ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, నికర పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్, ఈమెయిల్. వీటితోపాటు యూనిట్ ధర కూడా వేయాలి. 500 మిల్లీలీటర్ల ఫ్లోర్ క్లీనర్ ఎమ్మార్పీ 60 రూపాయలైతే మిల్లీలీటరుకు 0.12 రూపాయలు అని. ఇవన్నీ 2009 నాటి తూనికలు, కొలతల చట్టం, 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల కింద వస్తాయి. అక్షరాల ఎత్తుకు కూడా కొలతలున్నాయి, ప్యాక్ పెద్దదయ్యేకొద్దీ అంకెలు పెద్దవి కావాలి.

తినేవి, తాగేవి అయితే వీటికి తోడు 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ) లైసెన్స్ నంబరు, అందులో కలిపిన పదార్థాలు, పోషక వివరాలు, అలర్జీ కలిగించేవి ఉంటే ఆ మాట, గడువు తేదీ ఉండాలి. శాకాహారానికి ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క వేయాలి. మాంసాహారానికి ఇప్పుడు చుక్క కాదు, గోధుమ రంగు త్రిభుజం. మంచినీళ్లకు, పాలకు ఈ గుర్తు అక్కర్లేదు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి అచ్చుకు వెళ్లే ముందు మీ ఆడిటర్‌కో, లైసెన్స్ పనులు చూసేవారికో ఒకసారి చూపించండి.

దయచేసి వీటిని ‘డిజైన్‌కు అడ్డం’ అని మూలకు నెట్టకండి. ముందే వాటికి చోటు కేటాయిస్తే వెనక పక్క కూడా అందంగా వస్తుంది.

‘జ్యూస్’ అని రాయొచ్చా? మామిడి పండు ఫోటో పెద్దగా వేయొచ్చా?

సీసాలో ఏముందో అదే రాయాలి. ఫ్రూట్ డ్రింక్ అనాలంటే కనీసం 10 శాతం పండ్ల రసం ఉండాలి. నిమ్మకాయ రసమైతే 5 శాతం. ఎసెన్స్, రంగు మాత్రమే ఉన్న డ్రింక్ మీద రసం కారుతున్న బంగినపల్లి ఫోటో వేయడం అబద్ధం ఆడటమే. గుజ్జులో నీళ్లు కలిపి తయారుచేసిన వాటి మీద ‘100 శాతం ఫ్రూట్ జ్యూస్’ అన్న మాట తీసేయమని 2024 జూన్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది.

ఓఆర్‌ఎస్ (విరేచనాలైనప్పుడు తాగించే ఉప్పు, చక్కెర ద్రావణం) సంగతి అందరికీ గుర్తుండాలి. చక్కెర ఎక్కువగా ఉన్న డ్రింకులు పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకుని మందుల షాపుల్లో అమ్ముడుపోయేవి. విరేచనాలతో నీరసించిన పిల్లలకు తల్లులు అవే పట్టేవారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ మాటను అలాంటి డ్రింకుల పేర్లలో వాడకూడదని చెప్పింది. లేబుల్ మీద మూడక్షరాలు ఎంత పని చేస్తాయో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

బార్‌కోడ్ తప్పనిసరా?

కిరాణా కొట్టుకు అక్కర్లేదు. సూపర్ మార్కెట్లకు, ఆన్‌లైన్‌కు కావాలి. బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే సంస్థ జీఎస్1 ఇండియా దగ్గర తీసుకోండి. మన దేశంలో ఇచ్చేవి 890తో మొదలవుతాయి. ఎరుపు గీతలతో బార్‌కోడ్ వేయకండి, స్కానర్ వెలుతురు కూడా ఎరుపే కాబట్టి దానికి గీతలు కనిపించవు. తెలుపు మీద నలుపు ఉత్తమం. గుండ్రటి సన్న సీసా మీద గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా వచ్చేలా తిప్పి పెట్టండి, లేకపోతే వంపులో చివరి గీతలు కనబడవు.

రూపాయి, రెండు రూపాయల ప్యాకెట్లు వేయాలా?

కొత్త సరుకు ఇళ్లలోకి వెళ్లాలంటే అదే మంచి దారి. షాంపూను చిన్న ప్యాకెట్లలో పోసి అమ్మే ఆలోచన తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్‌ది. దానివల్లే పల్లెల్లో రోజు కూలీకి వెళ్లే ఆడవాళ్లకు కూడా షాంపూ అందింది. కానీ ఆ పొరల ప్లాస్టిక్‌ను మళ్లీ వాడుకోవడం చాలా కష్టం, చివరికి మురుగు కాలువల్లో తేలుతుంది. బట్టల పౌడర్, గిన్నెల సబ్బు లాంటివాటికి చిన్న సబ్బు బిళ్లో, మళ్లీ నింపుకునే పౌచో పెట్టగలిగితే అదే చేయండి.

ప్లాస్టిక్ నిబంధనలు ఏమిటి?

మీ పేరుతో ప్లాస్టిక్ ప్యాకింగ్ మార్కెట్లోకి వెళ్తే దాన్ని తిరిగి సేకరించే బాధ్యత మీకూ ఉంటుంది. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల కింద బ్రాండ్ యజమానులు నమోదు చేసుకోవాలి. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధం, అందుకే జ్యూసు ప్యాకెట్లకు ఇప్పుడు పేపరు స్ట్రాలు వస్తున్నాయి. పెట్ సీసాకు లేబుల్ అతికించేటప్పుడు తేలిగ్గా ఊడివచ్చే గమ్ వాడితే పాత సామాన్ల వాళ్లకూ, రీసైక్లింగ్ ఫ్యాక్టరీకీ పని సులువవుతుంది. ‘పర్యావరణ హితం’ అని ఆకు బొమ్మ వేసేముందు ఎందుకు హితమో ఒక్క వాక్యంలో రాయగలరేమో చూసుకోండి. రాయలేకపోతే ఆకు వేయకండి.

కొండపల్లి బొమ్మలు, కలంకారీ, మంగళగిరి అంచు వాడొచ్చా?

వాడొచ్చు, వాడాలి కూడా. అయితే ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ దించి వేయొద్దు. కొండపల్లికి వెళ్లి చేతిపనివాళ్ల దగ్గర బొమ్మ చేయించి ఫోటో తీయించండి, పెడన వెళ్లి అచ్చు దిమ్మెలు చెక్కే కళాకారుడి చేత కొత్త దిమ్మె చెక్కించండి. వాళ్లకు డబ్బివ్వండి, వీలైతే ప్యాకెట్ మీద వాళ్ల ఊరి పేరు వేయండి. సరుకుకు సంబంధం ఉందా అన్నది కూడా చూడాలి. బందరు లడ్డూ పెట్టెకు పక్క ఊరి పెడన కలంకారీ నప్పుతుంది. ఫినాయిల్ సీసాకు నప్పదు.

మాది నాన్నగారి కాలం నాటి లేబుల్. మార్చేయాలా?

ముందు ఏది గుర్తుండిపోయిందో కనుక్కోండి. అమృతాంజనం చూడండి. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. ఆ పసుపు రంగు తరతరాలుగా మనసులో ముద్రపడింది. అలాంటి గుర్తును ఎవరో కొత్త డిజైనర్ చెప్పాడని తీసేస్తే పాత కొనుగోలుదారులు మీ సరుకు ఆగిపోయిందనుకుంటారు. గుర్తును ఉంచి, చుట్టూ ఉన్న గందరగోళం తీసేయండి. దేవుడి బొమ్మ ఉంటే మాత్రం ఒక్కసారి ఆలోచించండి. ప్యాకెట్ చింపి పారేస్తారు, అది కాళ్ల కింద పడుతుంది.

తక్కువ సంఖ్యలో అచ్చు వేయించుకోవచ్చా?

లేబుళ్లయితే డిజిటల్ ప్రింటింగ్‌లో కొన్ని వందలు కూడా వేస్తారు. ఒక్కోదానికి ధర ఎక్కువ పడుతుంది, కానీ మొదటి విడతకు అదే క్షేమం. రోల్ కవర్లకు గ్రావ్యూర్ పద్ధతిలో ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ చెక్కాలి, తర్వాత ఫోన్ నంబరు మారినా మళ్లీ ఖర్చే. కాబట్టి మొదట సాదా పౌచ్ కొని, దాని మీద స్టిక్కర్ వేసి ఒక సీజన్ అమ్మి చూడండి. కొన్నవాళ్లు ఏమన్నారో విన్నాక సిలిండర్లకు వెళ్లండి. అట్టపెట్టెలు ఇక్కడే దొరుకుతాయి. డబ్బాలు, లేబుళ్లు ఎక్కువమంది శివకాశి, హైదరాబాద్‌లలో వేయిస్తారు.

మా అబ్బాయికి ఈ పని నేర్చుకోవాలని ఉంది. ఎక్కడ చేర్పించాలి?

డిజైన్ చదవాలంటే మన దగ్గరే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, ఆంధ్రప్రదేశ్ ఉంది. 2015లో నాగార్జున యూనివర్సిటీలో మొదలైంది. ప్యాకింగ్ సాంకేతికత నేర్చుకోవాలంటే 1966లో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కు హైదరాబాద్‌లో కేంద్రం ఉంది. చేరే లోపు ఒక ప్రెస్‌లో కొన్నాళ్లు పనిచేయమనండి. ఇంకు ఎలా పాకుతుందో చేత్తో చూసినవాడి డిజైన్ వేరుగా ఉంటుంది.

మొదటిసారి కలవడానికి వచ్చేటప్పుడు ఏం తేవాలి?

సరుకు తీసుకురండి, ఫోటో కాదు. మూతలు, సీసాలు చూసి ఉంచినవి ఉంటే అవి కూడా. పోటీ సరుకులు రెండు మూడు కొనుక్కురండి. లైసెన్సులు వచ్చాయా, అనుకున్న ఎమ్మార్పీ ఎంత, ఒక్కో ప్యాకింగ్‌కు ఎంత ఖర్చు పెట్టగలరు అన్నవి కాగితం మీద రాసుకురండి. ద్రవమైతే ఇంకో పని: నింపిన సీసాకు మూత బిగించి, తలకిందులుగా ఒక రాత్రి పాత న్యూస్‌పేపర్ మీద ఉంచి, ఆ పేపర్ కూడా వెంట తీసుకురండి. తడి కనిపిస్తే డిజైన్ మాటలు పక్కన పెట్టి ముందు మూత సంగతి మాట్లాడుకుందాం.